అద్దింటి గోడ పాడవకుండా పిల్ల గదిలో బొమ్మలు తగిలించేదెలా?

బొమ్మల కొలువు (మారతహళ్ళి):
అందరికీ నమస్కారం. మాది అద్దిల్లు, పై అంతస్తు. కింద ఓనరాంటీ ఉంటారు. మంచావిడే. ఉగాదికి ఒబ్బట్లు పంపిస్తారు, మేం ఊళ్ళో లేకపోతే పాల ప్యాకెట్ తీసి తన ఫ్రిజ్‌లో పెడతారు. పేచీ అంతా గోడల దగ్గరే. సుత్తితో ఒక దెబ్బ వేస్తే చాలు, రెండో దెబ్బకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఐదు నెలల అద్దె అడ్వాన్సుగా ఆవిడ దగ్గరుంది కాబట్టి నేనూ ఎదురు చెప్పను.

మా పాపకి ఆరేళ్ళు. రోజుకి రెండు మూడు బొమ్మలు వేస్తుంది, చాలావరకు ఎ3 డ్రాయింగ్ షీట్ల మీద. అన్నీ గదిలో పెట్టాల్సిందే, మళ్ళీ వారానికి మార్చాల్సిందే. ఇన్నింటికి ఫ్రేములు కట్టించలేం కదా. ఇవి కాక చిత్ర సంతెలో (బెంగళూరులో ఏటా జరిగే బొమ్మల సంత) కొన్న చిన్న నీటిరంగుల బొమ్మ ఒకటి, మా అమ్మ శ్రీకాళహస్తి నుంచి తెచ్చిన మూరెడు కలంకారీ గుడ్డ ఒకటి ఉన్నాయి. వాటికీ ఫ్రేములు లేవు.

పోయిన వారం ఫోమ్ టేపుతో తిమింగలం బొమ్మ అంటించాను. రెండు రోజులకి పాప "ఇప్పుడు నెమలి పెడదాం" అని తనే పట్టి లాగేసింది. తిమింగలంతో పాటు అరచెయ్యంత పెచ్చు ఊడొచ్చింది. లోపల సిమెంటు కనిపిస్తోంది. "అమ్మా, గోడకి దెబ్బ తగిలింది" అని బ్యాండేజీ తెచ్చి దాని మీద అంటించింది. విచిత్రం ఏంటంటే ఆ బ్యాండేజీ మాత్రం ఊడట్లేదు.

మేకు కొట్టకుండా, పెచ్చులూడకుండా దారేదైనా ఉంటే చెప్పండి. ఊడిన చోట ఏం చెయ్యాలో కూడా.

కడప కుర్రోడు:
కమాండ్ స్ట్రిప్స్ (గోడకి అంటించి మళ్ళీ తీసేసే జిగురు పట్టీలు) తెప్పించుకో అక్కా. పని అయిపోతుంది.

పుట్టీ బకెట్ (కె.ఆర్. పురం):
అంత తొందరగా అయిపోదు తమ్ముడూ. నేను పద్దెనిమిదేళ్ళుగా పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను, ఈ పెచ్చుల పంచాయితీ నెలకి నాలుగైనా నా దగ్గరికి వస్తుంది.

అమ్మా, ముందు మీ గోడ సంగతి తెలుసుకోండి. ఇటుక మీద సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద పుట్టీ (గోడని నునుపు చేసే తెల్లటి పూత), తర్వాత ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే పూత), పైన రంగు. టేపు పట్టుకునేది పైనున్న రంగుని మాత్రమే. లాగినప్పుడు ఆ వరసలో ఎక్కడ పట్టు తక్కువో అక్కడ ఊడుతుంది. మీకు సిమెంటు కనిపించిందంటే మీ పుట్టీకి కింద పట్టు లేదన్నమాట. అద్దెకిచ్చే ఇళ్ళలో ఇది మామూలే. పాతవాళ్ళు ఖాళీ చేసిన రెండు రోజుల్లో కొత్తవాళ్ళు దిగాలి, దుమ్ము కూడా దులపకుండా పుట్టీ రుద్దేస్తారు, ప్రైమర్ ఎగ్గొడతారు. నేనూ చేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఏది అంటించే ముందైనా రెండు పరీక్షలు చెయ్యండి. నల్లటి గుడ్డ తీసుకుని గోడ మీద గట్టిగా రుద్దండి. తెల్లగా పొడి అంటితే అది డిస్టెంపర్, లేదా సున్నం. దానికి ఏ జిగురూ నిలవదు, ఎంత ఖరీదైనది తెచ్చినా అంతే. పొడి రాలేదంటే రెండోది: తలుపు వెనకాల ఎవరూ చూడని చోట జానెడు మాస్కింగ్ టేపు అంటించి ఒక రోజు ఉంచి లాగండి. టేపు వెనక రంగు రాకపోతే ఫరవాలేదు. బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడైతే పరీక్ష కూడా అనవసరం, చెమ్మకి పుట్టీ ఎప్పుడైనా వదిలేస్తుంది.

వైట్‌ఫీల్డ్ శీను:
మేస్త్రిగారి మాట నిజమే. కానీ గోడ బాగుంటే స్ట్రిప్పులు బాగానే పనిచేస్తాయి, మా ఇంట్లో రెండేళ్ళుగా ఉన్నాయి. చాలామంది ప్యాకెట్ వెనక రాసింది చదవరు. అంటించే చోట ఇంట్లో వాడే క్లీనర్లతో కాకుండా సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి. 30 సెకన్లు గట్టిగా అదిమి పట్టాలి. గంట ఆగి అప్పుడు బరువు తగిలించాలి. కొత్తగా రంగు వేస్తే వారం రోజులైనా ఆగాలి.

అసలు కిటుకు తియ్యడంలో ఉంది. కింద వేలాడే తోకని గోడకి ఆనించి నిట్టనిలువుగా కిందకి, మెల్లగా, సాగదీస్తూ పోవాలి. జానెడు పైగా సాగి దానంతటదే వదిలేస్తుంది. మన వైపు లాగితే రంగు కూడా వస్తుంది. మా ఆవిడ చెబుతూనే ఉంది, నేను నా వైపే లాగాను. ఆ మచ్చ మీద ఇప్పుడు స్కూల్ టైమ్‌టేబుల్ ఉంది.

ఇంకో మాట, మంచం తలవైపు పెట్టొద్దని ఆ ప్యాకెట్ మీదే ఉంటుంది.

కడప కుర్రోడు:
సరే సరే, నేను చెప్పింది సగం రైటు.

చెన్నై గోంగూర (వేళచ్చేరి):
బెంగళూరు వాళ్ళది అదృష్టం. మా పిల్లవాడి గది పడమటి గోడ, ఏసీ లేదు. ఏప్రిల్‌లో స్ట్రిప్పులతో పద్నాలుగు బొమ్మలు పెట్టాం. మే నెల మొదటి వారంలో ఒక రాత్రి టప్, కాసేపాగి మళ్ళీ టప్. బల్లి అనుకుని మా ఆయన చీపురు పట్టుకుని కూర్చున్నారు. తెల్లారేసరికి పదకొండు కింద ఉన్నాయి. అప్పుడు తీసి చదివితే సుమారు 40 డిగ్రీల దాకానే అని రాసుంది. మా గోడ మధ్యాహ్నం ముట్టుకుంటే పెనంలా ఉంటుంది. తప్పు మాదే.

తర్వాత బ్లూ ట్యాక్ (ముద్దలా ఉండే బంక) వాడాం. పేపరుకి బాగానే పట్టింది కానీ ఆరు నెలలకి తీస్తే గోడ మీద బొట్టుబిళ్ళంత నూనె మరకలు. ఎండకి అందులోని జిడ్డు రంగులోకి ఇంకుతుంది. ఒక్కో బొమ్మకి నాలుగు మూలల్లో నాలుగు మరకలు, లెక్క వేసుకోండి.

ఇప్పుడు గోడని వదిలేశాం. కిటికీ ఊచ నుంచి కర్టెన్ రాడ్డు దాకా పురికొస కట్టి బట్టల క్లిప్పులతో తగిలిస్తున్నాం. చెక్కవి గానీ ప్లాస్టిక్‌వి గానీ తీసుకోండి, లోపల స్ప్రింగు తుప్పు పట్టనిదై ఉండాలి. నవంబరు వానల్లో, ఈ సముద్రపు గాలికి ఇనుప క్లిప్పులు నెల తిరక్కుండానే బొమ్మ మీద ఎర్రటి ముద్ర వేస్తాయి. చెమ్మకి పేపరు అప్పడంలా ఒంకర తిరుగుతుంది కాబట్టి కింద కూడా రెండు క్లిప్పులు బరువుగా పెట్టండి.

గుంటూరు మిర్చి:
ఇంత తతంగం ఎందుకండీ? బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె ఎలాగూ కోసేస్తారు. మీరు గోడని కళ్ళకద్దుకుని చూసుకున్నా కోస్తారు. కాబట్టి హాయిగా మేకులు కొట్టండి, డబ్బులు దండగ కాకుండా ఉంటాయి.

సర్జాపూర్ సుబ్బు:
నేనూ ఇదే లెక్క వేసుకున్నాను బ్రదర్. ఖాళీ చేసే రోజు ఓనరుగారు పెయింటింగ్‌కి నెల అద్దె పట్టుకున్నారు, ఆ పైన టార్చి లైటు వేసి గోడలన్నీ తిరిగి తొమ్మిది చిల్లులు లెక్కపెట్టి విడిగా ఇంకో అంకె వేశారు. అందులో మూడు మేం దిగక ముందువే. ఫోటోలు లేవు, ఏం మాట్లాడతాం? దిగిన రోజే ప్రతి గోడనీ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. నేను నేర్చుకున్నది అదొక్కటే. అగ్రిమెంటులో మేకుల గురించి ఏం రాశారో కూడా చూసుకోండి.

ఇప్పుడున్న ఫ్లాటు మైవాన్. ఇటుకే లేదు, గోడంతా కాంక్రీటు పోత. స్టీలు మేకు కొడితే వంగి ఎగిరొచ్చి ఫ్యాను రెక్కకి తగిలింది. హ్యామర్ డ్రిల్లు తప్ప ఏదీ దిగదు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు బొటనవేలితో గుండుసూది గుచ్చి "చూశారా ఎంత సులువో" అంటారే, వాళ్ళది జిప్సం బోర్డు గోడ. అవి చూసి మనం మోసపోకూడదు.

గుంటూరు మిర్చి:
చిల్లులు లెక్కపెట్టడం ఏంటండీ బాబూ! సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాత బీరువా:
పిల్లల గదిలో ఇనప బీరువా ఉందా అమ్మా? ఉంటే అదే మీ గోడ. మాది మా అత్తగారి కాలం నాటి గోద్రెజ్, ఆరున్నర అడుగులు. రెండు తలుపులు, ఒక పక్క కలిపి ఎ3 షీట్లు డజను పడుతున్నాయి, ఫ్రిజ్ మీద పెట్టే పెద్ద అయస్కాంతాలతో. మార్చడం పిల్లలే మార్చుకుంటారు. గుండీల్లా చిన్నగా గట్టిగా ఉండే అయస్కాంతాలు మాత్రం వద్దేవద్దు. పిల్లలు రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగుని నొక్కేస్తాయి, ఆపరేషన్ దాకా పోతుంది. అరచేతిలో సగం ఉండే ప్లాస్టిక్ బొమ్మల అయస్కాంతాలు చాలు.

బొమ్మల కొలువు:
బీరువా లేదండీ, గోడలోనే చెక్క వార్డ్‌రోబ్. నల్లగుడ్డ పరీక్ష చేశాను. పొడి రాలేదు. మాస్కింగ్ టేపు పరీక్షలో మాత్రం ఒక చోట రంగు రాలేదు, ఇంకో చోట గోరంత వచ్చింది. అంటే ఏమనుకోవాలి?

పుట్టీ బకెట్:
అంటే మీ గోడ దాని ఇష్టం వచ్చినట్టు ఉంటుందని. జిగురు ఆలోచన మానెయ్యండి అమ్మా.

ప్రెస్సు తాతయ్య:
అమ్మాయీ, నేను విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇప్పుడు కొడుకు దగ్గర హొరమావులో ఉంటున్నాను. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఫ్రేము లేని కాగితాన్ని గోడకి తగిలించే వస్తువు మనందరి ఇళ్ళలో ఏడాది పొడుగునా కళ్ళ ముందే ఉంటుంది. క్యాలెండరు! పైన ఒక రేకు పట్టీ, మధ్యలో చిన్న కొక్కెం. గాలికి కాగితం చుట్టుకోకుండా కొన్నిటికి కింద కూడా రేకు ఉంటుంది. శివకాశిలో లక్షల్లో అచ్చేసి దేశమంతా పంపేది ఈ పద్ధతిలోనే.

పాత క్యాలెండరుని పారెయ్యకు. రెండు రకాలుగా వాడొచ్చు. ఒకటి, రేకు మడతని సన్నటి స్క్రూడ్రైవరుతో ఒక కొస నుంచి కొంచెం కొంచెంగా తెరిచి, పాత కాగితాలు తీసేసి, బొమ్మలు ఐదారు దొంతరగా లోపలికి దోపి, గుడ్డ అడ్డం పెట్టి పటకారుతో మళ్ళీ నొక్కడం. రేకు అంచు కోసుకుంటుంది, ఇది నీ పనే, పాప పని కాదు. రెండోది ఇంకా తేలిక. క్యాలెండరుని తిరగేసి తగిలించి, వెనకున్న తెల్లటి వైపు బొమ్మని పెట్టి, పైన రెండు క్లిప్పులు. రోజుకో బొమ్మ మార్చినా గోడని ముట్టుకునే అవసరం ఉండదు.

మేకు కొట్టొద్దన్నావు, నిజమే. కానీ మీకన్నా ముందు అద్దెకున్నవాళ్ళు క్యాలెండరు కోసం కొట్టిన మేకు ఆ ఇంట్లో ఎక్కడో ఒకచోట ఉండకపోదు. వెతుకు.

కడప కుర్రోడు:
తాతయ్యా, దండం.

చెన్నై గోంగూర:
ఇది నాకెందుకు తట్టలేదు! మా ఇంట్లో ఏటా నాలుగు క్యాలెండర్లు వస్తాయి. కిరాణా కొట్టుది, నగల కొట్టుది, రెండు గుళ్ళవి.

బొమ్మల కొలువు:
తాతయ్యగారూ, లేచి వెతికాను. పిల్ల గదిలోనే రెండు మేకులున్నాయి! ఒకటి తలుపు పైన, ఇంకోటి కిటికీ పక్కన, రంగు కూడా మేకు మీదనుంచే వేసేశారు, అందుకే కనపడలేదు. ఇంకా పైకప్పుకి ఊయల కొక్కెం కూడా ఉంది. దాన్ని మూడేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక కలంకారీ గుడ్డ సంగతి చెప్పండి ఎవరైనా.

పెడన పిల్ల:
దానికి సూదీ దారం చాలక్కా. పై అంచున రెండంగుళాలు వెనక్కి మడిచి కుట్టు. గుడ్డ మీదే కుట్టడం ఇష్టం లేకపోతే వెనకాల వేరే గుడ్డ పట్టీ వేసి కుట్టు. లంగాకి నాడా ఎక్కించినట్టు అందులో సన్నటి వెదురు కర్ర ఎక్కించి, రెండు కొసలకి తాడు కట్టి మేకుకి తగిలించెయ్యడమే. గుడ్డకి గుండుసూది గానీ టేపు గానీ వద్దు. శ్రీకాళహస్తి పని అంటే కలంతో చేత్తో గీసింది, మా పెడనలో లాగా అచ్చులు వేసింది కాదు, మళ్ళీ అలాంటిదే ఇంకోటి దొరకదు. ఎండ నేరుగా పడే గోడకి పెట్టకు, సహజ రంగులు వెలుస్తాయి. పాప స్కెచ్ పెన్ను బొమ్మలకీ ఇదే మాట. క్రేయాన్ కొంచెం నయం.

హైదరాబాదు చేర్యాల:
చేర్యాల నకాషీ పటాలు (గుడ్డ మీద వేసే తెలంగాణ బొమ్మలు) ఉన్నవాళ్ళు కూడా వినండి. గుడ్డ అనుకుని మడత పెట్టకండి. దాని మీద చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఉంటుంది, మడిస్తే ఆ గీత వెంబడి పగులుతుంది. చుట్టి పెట్టాలి లేదా వేలాడదియ్యాలి.

వైట్‌ఫీల్డ్ శీను:
చిత్ర సంతె బొమ్మ ఎంతకి కొన్నారండీ? వచ్చే జనవరికి కుమారకృపా రోడ్డుకి వెళ్దామని.

బొమ్మల కొలువు:
మూడొందలు. సాయంత్రం సర్దుకునే వేళకి వెళ్ళాం, బేరం ఆడకముందే తగ్గించారు. అది మాత్రం క్లిప్పుతో పెట్టట్లేదు, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో దోపి ఫోల్డర్‌కి క్లిప్పు పెడుతున్నా.

సర్జాపూర్ సుబ్బు:
మైదా జిగురుతో అంటిస్తే ఎలా ఉంటుంది? మా ఊళ్ళో సినిమా పోస్టర్లు ఏళ్ళ తరబడి ఉంటాయి.

ప్రెస్సు తాతయ్య:
ఏళ్ళ తరబడి ఉండటమే కదయ్యా సమస్య! పైగా మైదాకి బొద్దింకలు చేరతాయి. అవి రాకూడదని పోస్టర్ల వాళ్ళు, బైండింగు వాళ్ళు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల గది దరిదాపులకి రానియ్యకు.

పాత బీరువా:
ఊయల కొక్కెం అన్నారు కాబట్టి చెబుతున్నా, ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలు ఎవరైనా ఉంటే వేలాడే తాడు చేతికి అందకూడదు, మెడకి చుట్టుకుంటుంది. కిటికీ పురికొసకి కూడా ఇదే. తాడు పెద్దవాళ్ళ తల పైకి ఉండాలి, కొసలు వేలాడకుండా కత్తిరించెయ్యండి.

బొమ్మల కొలువు:
ఒక్కతే పిల్ల అండీ, కానీ ఆదివారం మా ఆడపడుచు బుడ్డోడు వస్తాడు. మంచి మాట చెప్పారు. మేస్త్రిగారూ, పెచ్చు సంగతి? మా ఆయన టూత్‌పేస్టు పూస్తానంటున్నారు.

పుట్టీ బకెట్:
టూత్‌పేస్టు పళ్ళకి ఉంచమనండి. ఎండితే కుంచించుకుని పగులుతుంది, దాని మీద రంగు కూడా సరిగా పట్టదు.

బ్యాండేజీ తీసెయ్యండి. చుట్టూ గోరుతో తట్టండి, డొల్ల శబ్దం వచ్చినంత మేర కూడా పుట్టీ బ్లేడుతో గీకెయ్యాలి. అరచెయ్యి కాస్తా రెండరచేతులు అయితే భయపడొద్దు, అది ఎలాగూ ఊడేదే. దుమ్ము తుడిచి, తడిగుడ్డతో గోడని చెమ్మగా చెయ్యండి. పుట్టీ కిలో ప్యాకెట్ హార్డ్‌వేర్ కొట్టులో దొరుకుతుంది. ఇడ్లీ పిండి కన్నా గట్టిగా, చపాతీ పిండి కన్నా జారుగా కలపండి. ఒకేసారి మందంగా పెట్టొద్దు. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. రాత్రంతా వదిలేసి పొద్దున 220 నంబరు ఎమెరీ పేపరుతో రుద్దండి. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడమండి, అంచు తెలియకపోతే అప్పుడు ప్రైమర్. రంగు బ్రష్షుతో వద్దు, చిన్న రోలరుతో వెయ్యండి. మీ గోడ రోలరుతో వేసిందే అయ్యుంటుంది, బ్రష్షు చారలు ఇట్టే తెలుస్తాయి.

రంగు కలవడం మాత్రం కష్టం. పాత గోడ వెలిసి ఉంటుంది. పాత డబ్బా ఉంటే మూత మీదో పక్కనో షేడ్ కోడ్ స్టిక్కర్ ఉంటుంది, చూడండి.

బొమ్మల కొలువు (పన్నెండు రోజుల తర్వాత):
పని జరిగింది, చెబుతాను.

కిటికీ పక్క మేకుకి కలంకారీ, వెదురు కర్రతో. తలుపు పైన మేకుకి తిరగేసిన క్యాలెండరు, దాని మీద రోజుకో బొమ్మ. ఊయల కొక్కెం నుంచి మా అమ్మ పాత వెంకటగిరి చీర ఒకటి వార్డ్‌రోబ్ పక్కన మూలకి వేలాడదీశాను, పాప తల మీద నుంచి మొదలై నేల దాకా వస్తుంది. దాని మీద క్లిప్పులతో పదహారు బొమ్మలు పట్టాయి. పాపే మారుస్తుంది. పై వరసకి ఇప్పుడు స్టూలు కావాలంటోంది. ఫ్యాను రెండో నంబరు దాటితే మొత్తం రెపరెపలాడుతుంది కాబట్టి చీర అంచుకి కింద నాలుగు క్లిప్పులు ఎక్కువ పెట్టాను.

తిమింగలాన్ని మాత్రం ఎక్కడా పెట్టనివ్వట్లేదు. దాని వెనక గోడ ముక్క ఇంకా అంటుకునే ఉంది, అది దాని "ఇల్లు" అట.

పెచ్చు పూడ్చాను, మేస్త్రిగారు చెప్పినట్టే. వేళ్ళకి తెలియట్లేదు, కళ్ళకి తెలుస్తోంది, ఇంకా రంగు వెయ్యలేదు. పాత డబ్బా మేడ మీద దొరికింది. మూత లేదు. డబ్బాలో ఆంటీ కరివేపాకు మొక్క పెట్టారు.

పుట్టీ బకెట్:
డబ్బా పక్కన మట్టి తుడిచి చూడండి అమ్మా, స్టిక్కర్ ఉండొచ్చు.

బొమ్మల కొలువు:
తుడిచాను. సగం చిరిగింది గానీ కోడ్ ఉన్న సగమే మిగిలింది. ఫోటో తీసుకుంటుంటే ఆంటీ పైకొచ్చి "ఏన్ మాడ్తిద్దీయమ్మా?" (ఏం చేస్తున్నావమ్మా?) అన్నారు. మొక్కకి నీళ్ళు పోస్తున్నానని చెప్పాను. రేపటి నుంచి రోజూ పొయ్యాలి ఇక.